పన్నెండు రోజులు తక్కువ

పొద్దుటి నమాజయ్యాక దరామన్ వంటింటి గడపలో కూర్చుని ఒక్క మాటే వల్లె వేసేవాడు. "నా కూతురు సుహైలాను నీకిచ్చి నిఖా చేస్తున్నాను." కూతురి పెళ్ళిలో వలీగా, అంటే పిల్లనిచ్చే పెద్దగా, తండ్రి చెప్పాల్సిన మాట అది.

"గొంతు వణుకుతోంది, మళ్ళీ చెప్పు," అనేది భార్య రొగాయా కొబ్బరిపాల అన్నం కలుపుతూ.

"ముందు నీ అన్నం అడుగంటకుండా చూసుకో," అనేవాడు.

రెండు నెలలు ఇదే వరస. ఇప్పుడా గడపలో పిల్లి పడుకుంటోంది. దరామన్ కాఫీ గ్లాసు పట్టుకుని కెలంతాన్ ఏటి ఒడ్డున పడవ దగ్గరికి పోతున్నాడు.

పెళ్ళి దరఖాస్తు ఇవ్వడానికి ఖాజీ ఆఫీసుకి కూతురితో సహా ముగ్గురూ కలిసే వెళ్ళారు. అక్కడి గుమాస్తా వీళ్ళ నిఖా కాగితం, సుహైలా పుట్టిన కాగితం పక్కపక్కన పెట్టుకుని వేళ్ళు మడిచాడు. మళ్ళీ మడిచాడు.

"పిన్నీ, నిఖా అయ్యాక ఆరు నెలలు నిండి పుట్టాలి. పన్నెండు రోజులు తక్కువ."

"మా నిఖా వేళకి వరదొచ్చింది నాయనా. మూడు వారాలు ఇమాము ఏరు దాటలేకపోయాడు. లేకపోతే..." రొగాయా నోరు జారింది. అప్పటికే కడుపుతో ఉన్నానని కూతురి ముందే ఒప్పేసుకున్నట్టయింది.

"వరద రోజులు కలపడానికి లేదు పిన్నీ. అమ్మాయి తండ్రికి చెందదు. వలీగా ఖాజీ కూర్చుంటారు. తండ్రి పేరు దగ్గర, ఇట్లాంటి పిల్లలందరికీ చదివినట్టే, అబ్దుల్లా అని చదువుతారు."

సుహైలా ఎవరి వైపూ చూడలేదు. "మా క్లాసులో ఒకమ్మాయికి తండ్రి పేరుగా అదే ఉండేది," అంది. "అందరూ గుసగుసలాడేవాళ్ళు. నేనూ ఆడాను."

బయటికొచ్చాక తల్లిని అడిగింది. "ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి చెప్పాలనిపించలేదామ్మా?"

దరామనే అందుకున్నాడు. "ఇట్లా రోజులు లెక్కపెడతారని మాకేం తెలుసు తల్లీ! పెళ్ళి చేసుకుంటే సరిపోతుందనుకున్నాం."

నిఖా రోజు మసీదులో మైకు గట్టిగానే పలికింది. అబ్దుల్లా కూతురు సుహైలా. చివరి వరసలో ఎవరో దగ్గారు. దరామన్ కొత్త నీలం చొక్కాలో స్తంభం పక్కన కూర్చున్నాడు. ఖాజీ ఆ మాట చెబుతుంటే దరామన్ పెదాలూ కదిలాయి, చప్పుడు లేకుండా. అది చూసింది రొగాయా ఒక్కతే.

తర్వాత పెద్దల చేతులు ముద్దుపెట్టుకునే వేళ సుహైలా తండ్రి చేతిమీద మొహం ఆనించి చాలాసేపు లేవలేదు. తల్లి చేతిని వేళ్ళ చివర్లతో తాకి వెళ్ళిపోయింది. ఆరు వారాలైంది, ఫోనైనా లేదు.

నీలం చొక్కా ఇంకా మాసిన బట్టల బుట్టలోనే ఉంది. ముంజేతి దగ్గర సుహైలా కాటుక అంటిన మరక.

"ఉప్పునీళ్ళలో నానబెట్టు, ఇట్టే పోతుంది," అంది పక్కింటి మెలా.

రొగాయా బకెట్లో నీళ్ళు పట్టింది, ఉప్పు కలిపింది. చొక్కా చేతిలోకి తీసుకుని ఆ కాటుక మరకను వేలితో తడిమింది. దాన్ని పొడిగానే మడిచి బుట్టలో పెట్టేసి, నీళ్ళు పెరట్లో పారబోసింది.