రెండో డిస్కు కనబడని మధ్యాహ్నం

ఆ రోజు సంగతి అప్పుడే రాయలేకపోయాను. యాభై దగ్గరపడ్డాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని. అప్పటికి దుకాణాల బోర్డులు కూడబలుక్కునేదాన్ని గాని, వరసగా నాలుగు వాక్యాలు రాయడం వచ్చేది కాదు.

చిలకలూరిపేటలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కంప్యూటర్లో రెండు డిస్కులను ఒకే నిల్వగా కలిపి, పెళ్ళి ఫొటోలన్నీ అందులో దాచేవాడు మా అబ్బాయి. ఒక్కో ఫొటో ముక్కలు రెండింటిలోనూ ఉంటాయని, ఒకటి లేకపోతే రెండోది దేనికీ పనికిరాదని కోడలు చెప్పేది. ఆ రోజు పొద్దున్నే వాడు కంప్యూటర్ను నడిపే లినక్స్‌కు కొత్త వెర్షన్ ఎక్కించి, ఫొటోలు తీయడానికి ఒక పెళ్ళికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన కొడుకు పత్తి చేలో మందు కొడుతూ పడిపోయి చనిపోయాడు. మర్నాడు పెద్దకర్మ. దండ వేయడానికి ఇంట్లో అతని ఫొటో ఒక్కటీ లేదు.

"ఆమధ్య మా ఊళ్ళో పెళ్ళిలో సాంబారు బకెట్టు పట్టుకుని తిరిగాడమ్మా. మీవాడే ఫొటోలు తీశాడు. ఎందులోనో పడే ఉంటాడు."

కోడలు కంప్యూటర్ ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు గబగబా పాకి ఆగిపోయాయి. రెండో డిస్కు కనబడటం లేదట. ఆపి, మళ్ళీ వేసింది. అక్కడే ఆగింది. లోపల డిస్కులు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది.

అబ్బాయికి ఫోన్ చేసింది. డోలు మోతలోంచి వాడు అరిచాడు. "ఏముందే, రిపేర్ కమాండు కొట్టెయ్!"

"కొడితే ఈ సగాన్నే సరిచేయబోయి ఉన్నదంతా చెరిపేస్తుంది. ఎక్కించింది మీరు, వచ్చి మీరే కొట్టండి!"

"ముహూర్తం అవుతోందే!"

కోడలు ఫోన్ పెట్టేసింది.

"పోయిందా అమ్మా?" అన్నాడు పెద్దాయన. కోడలు మళ్ళీ తెరవైపు తిరిగింది. నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఆయన చొక్కా నుంచి పురుగుమందు వాసన వస్తోంది.

"దొరికితే ఫొటోలో వాడికి కోటు తగిలించకండి," అన్నాడు. "మా పక్కింటాయన పోతే అట్టాగే తగిలించారు. ఎవరో కలెక్టరనుకున్నాం." నవ్వబోయి ఆగిపోయాడు.

ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. అది నిలిచేది కొద్దిసేపే.

"డిస్కు చెడిపోలేదేమో అత్తయ్యా. ఈ కొత్త వెర్షన్ రెండోదాన్ని వెతక్కుండానే నిల్వ తెరవబోతోంది. మనమే వెతకమని చెప్పాలి," అంటూ కోడలు డిస్కులన్నిటినీ వెతికే కమాండు కొట్టింది.

తెర కదల్లేదు. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తోంది. అప్పుడు మొదటి డిస్కు పేరు కింద ఇంకో పేరు వచ్చింది. నిల్వ తెరుచుకుంది.

బంతి భోజనాల ఫొటోల్లో ఒకదానిలో, బకెట్టు పట్టుకున్న ఒకతను పక్కకు తిరిగి ఎవరినో చూసి నవ్వుతున్నాడు. "వీడే," అన్నాడు పెద్దాయన. తెరను తాకబోయి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. కోడలు ఆ ఒక్క ఫొటోను సీడీలోకి ఎక్కించి బయటకు తీయగానే అంతా ఆరిపోయింది.

ఇంటి దగ్గర పనులున్నాయని ఆయన వెళ్ళిపోయాడు. జనరేటరున్న కలర్ ల్యాబులో ప్రింటు తీయించి, సాయంత్రం ఫ్రేము కట్టించాం.

మర్నాడు పొద్దున్నే ఫ్రేమును పాత చీరలో చుట్టుకుని మొదటి బస్సెక్కాను. దారి పొడుగునా పత్తి చేలల్లో మందు కొడుతున్నారు. పెద్దాయన ఇంట్లో, పోయినతని భార్య గోడవైపు తిరిగి కూర్చుంది. ఫ్రేముకు చుట్టిన పాత చీర తీసి, ఫొటోను పీట మీద నిలబెట్టి, దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగాను.