తమ్ముడి పేరు మీద

"అక్కా, మీ ఫోన్ల సిగ్నల్ ఉందా? జర హాట్‌స్పాట్ ఇస్తరా?" అని అడిగింది, భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి ఉంది. ఇచ్చాను.

తనూ, తమ్ముడూ ఒకే కంపెనీలో పనిచేస్తారట. అతను రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఒక ఇమేజ్‌గా, అంటే ఏ కంప్యూటర్లోనైనా నడిచే ఒకే మూటగా కట్టి, టీములన్నీ వాడుకునే రిజిస్ట్రీ అనే ఉమ్మడి గోదాములోకి ఎక్కిస్తోంది.

"తమ్ముడే ఎక్కించవచ్చుగా?" అన్నాను.

"కామెర్లతోని పోయిండక్కా. మొన్ననే పెద్దకర్మ చేసినం. ఇది వాని లాప్‌టాపే, కంపెనీకి వాపస్ ఇస్తే అంత తుడిచేస్తరు. వాని పని వాని పేరు మీదనే ఉండాలె."

అడవిలో సిగ్నల్ పోయినప్పుడల్లా అప్‌లోడ్ ఆగిపోయేది. ఓపికగా మళ్ళీ మొదలుపెట్టేది. పాల్వంచ దాటాక పూర్తయింది.

కాసేపటికి తెరమీద తమ్ముడి పేరుకు ఒక మెసేజ్ వచ్చింది. వేరే ఊళ్ళో పనిచేసే ఎవరో, పాపం, సంగతి తెలియనివాడు. "ఇమేజ్ అందింది. థాంక్స్ బ్రో."

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత "వెల్‌కమ్ బ్రో" అని టైప్ చేసి పంపింది.

"వాడైతే గట్లనే అంటుండె," అని లాప్‌టాప్ మూసేసింది. అప్పుడు ఏడ్చింది.

ఇప్పటికీ ఎవరైనా నాకు థాంక్స్ చెబితే, బదులివ్వడానికి ఒక్క క్షణం ఆగుతాను.