దబ్బనం పిన్ని కుట్టు

సరిహద్దు గేటు దగ్గర బస్తాల మూతులు కుట్టే ఆవిణ్ణి అందరూ దబ్బనం పిన్ని అనేవారు. ఇటు కాపలావాళ్ళు తనిఖీకని బస్తా కోసేవారు, పిన్ని కుట్టేది. అటు దేశంవాళ్ళు మళ్ళీ కోసి చూడాలని రూలు. కానీ చూసేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి కలియబెట్టి చూడందే పిన్ని దబ్బనం ముట్టదని వాళ్ళకు తెలుసు. ఒకసారి పప్పు బస్తాలోంచి తూటాల మూట బయటికి లాగి లారీవాణ్ణి పట్టించింది. అప్పటినుంచి ఆవిడ జంట ముడి కనిపిస్తే చాలు, అటు గేటు లేచేది.

ఇంతలో రెండు దేశాలకూ స్నేహం ముదిరింది. సరుకులు చకచకా సాగాలని, దొంగసరుకు మీద కలిసి కన్నేసి ఉంచాలని ఒప్పందం రాసుకున్నారు. ఇక ఒకే గది, ఒకే తనిఖీ, బస్తాకు తీగ చుట్టి సీసపు ముద్ర. కుట్టు అక్కర్లేదన్నారు. పాతికేళ్ళ పని ఒక్క కాగితంతో పోయింది. పిన్నికి కడుపు మండింది.

"వాళ్ళు చేతులు కలుపుకుంటే నా చేతికి పని పోవడమేమిటే?" అని కోడలి మీద విరుచుకుపడి ముసుగు తన్ని పడుకుంది. పాపం, ఆ ఒప్పందం మీద సంతకం కోడలు పెట్టలేదు కదా.

మొదటిరోజు ముద్రల బస్తాలు అటు గేటు చేరాయి. అక్కడివాళ్ళు తిప్పి తిప్పి చూశారు. పిన్ని ముడి లేదు. అలవాటు ఊరుకుంటుందా, బస్తాలన్నీ కోసిపారేశారు. మధ్యాహ్నానికి లారీల బారు మార్కెట్ దాకా పాకింది.

సాయంత్రం రెండు గేట్ల అధికారులూ పిన్ని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ బెట్టు చేసింది, కుర్చీలు మాత్రం వేయించింది.

"ముద్ర ఉందిగా, నమ్మొచ్చుగా?" అంది.

"ముద్ర ఇవాళ వచ్చింది పిన్నీ. నీ చెయ్యి మాకు పాతికేళ్ళుగా తెలుసు," అన్నాడు అటు అధికారి. ముద్ర పక్కన ఆవిడ కుట్టూ ఉండాలని, ఉమ్మడి గదిలో ఉద్యోగం ఆవిడదేనని ఇద్దరూ చెప్పారు. పిన్నికి ఏనుగెక్కినంత సంబరం. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

మర్నాడు మొదటి బియ్యం బస్తా విప్పారు. పిన్ని చెయ్యి పెట్టబోయి ఆగింది. ఇటు కాపలావాణ్ణీ, అటు కాపలావాణ్ణీ దగ్గరికి పిలిచింది.

"నేనెన్నాళ్ళుంటాను? ఇద్దరూ చేతులు పెట్టండి. అప్పుడే కుడతాను."

ఇద్దరూ చెరోవైపు నుంచి మోచేతుల దాకా దూర్చారు. బియ్యం అడుగున ఏదో తగిలింది. దొంగసరుకు దొరికిందని ఇద్దరూ గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి బయటికి లాగారు. వచ్చింది ఒకడి చేతిలో ఒకడి చెయ్యి.

పిన్ని పడీపడీ నవ్వి, దబ్బనంలోకి దారం ఎక్కించింది.