మా బావ కంటి పుండు మానలేదు

మా నర్సింగం బావకు చిల్లు అంటే పడదు. సూరత్‌లోని ఖటోదరాలో ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాడు. పోగు తెగిందంటే మగ్గం ఆపి ముడి వేసేదాకా ఆయనకు ఊపిరాడదు. తన తానులో చిల్లు చూపిస్తే మీసం తీసేస్తానని మా అందరి ముందూ పందెం కాశాడు. మీసం ఇంకా ఉంది.

అలాంటి మనిషి కంటికే డాక్టరు చిల్లు పెట్టాడు. గ్లాకోమాతో ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికంట్లో నీటి ఒత్తిడి తగ్గాలని అడాజన్‌లోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి సన్నని దారి తెరిచారు. అది మూసుకుపోకుండా రెండు గంటలకోసారి చుక్కల మందు వేయాలి. డాక్టరు హిందీలో చెప్పిందంతా బావకు తెలుగులో చెప్పాల్సినవాణ్ని నేనే. "మందు మానొద్దు బావా" అని చెప్పాను. "పుండు కూడా మానొద్దు" అని చెప్పడం మరిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మూడు వారాలకు ఎరుపు పోయింది, నొప్పి పోయింది. బావ మందుసీసా తీసి దేవుడి పటం వెనక పెట్టేశాడు. ఆయన భార్య, మా ఎల్లవ్వక్క, ఇదేమిటని అడిగిందట.

"పుండు మానింది, మందు మానేసిన. మానిన పుండుకు మందెందుకే?" అన్నాడట.

అక్క సంబరపడి పాయసం వండింది. నాకూ ఓ గిన్నె వచ్చింది. సంగతి తెలియక లొట్టలేసుకుంటూ తిన్నాను.

వారం తర్వాత చూపించుకోవడానికి వెళితే డాక్టరు ముఖం మాడ్చుకున్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగింది. తెరిచిన దారి మచ్చకట్టి పూడుకుపోతోంది. ఇలాగే వదిలేస్తే ఉన్న ఒక్క కన్నూ పోవచ్చన్నాడు. పుండు మానకుండా ఆపే సూది వేయాలన్నాడని ఈసారి బావకు విడమరిచి చెప్పాను.

"మందంటే పుండు మాన్పెటందుకు గాదా? మాననియ్యకుండనా? గిదేం వైద్యంరా బామ్మర్ది!" బావ కుర్చీలోంచి లేవబోయాడు.

"పోగు తెగితే నువ్వు అతుకుతవ్ గదా బావా. నీ ఒళ్లు గూడ గదే పని జేస్తున్నది. కోసినకాడల్లా అతుకుతున్నది. జర దాన్ని ఆపాలె, గంతే."



"నా ఒళ్లు గదరా, నా పనే నేర్చింది," అని బావ నవ్వి, సూదికి కూర్చున్నాడు.

మచ్చ కట్టనివ్వని ఆ మందును కంటి పక్కన వారానికోసారి, నాలుగు వారాలు సూదితో ఎక్కించారు. పొడిచిన ప్రతిసారీ నా చెయ్యి నలిపి పిప్పి చేశాడు. ఇంట్లో చుక్కల మందు మళ్లీ మొదలైంది. క్షణం ఆలస్యమైతే చాలు, "ఎల్లీ, టైమైంది!" అని వాడంతా వినపడేలా అరిచేవాడు.

నెల తిరిగేసరికి ఒత్తిడి దిగింది. దారి చక్కగా తెరుచుకునే ఉందని డాక్టరు చెప్పగానే నేను ఏడ్చేశాను. దాచుకోవడమెందుకు?

ఇంటికి వస్తే గుమ్మం దగ్గర పక్కింటి కనకవ్వ ఎదురైంది.

"ఏమన్నా, కంటి పుండు మానిందా?"

బావ మీసం దువ్వుకున్నాడు. "మానలే చెల్లే! దేవుని దయ, ఇంకా మానలే!"

"అయ్యో!" అని కనకవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల ఆ మాట విన్న మా అక్క అప్పుడే పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. ఈసారి నేను రెండు గిన్నెలు తిన్నాను.