ఒకే ప్రయాణంలో కారూ, శుభలేఖా

రెండు వానాకాలాలు ఆరుబయట నిలబడిపోయిన కారుని నడిపి తెచ్చుకుందామనుకునే వాళ్ళకి ఈ కథనం కొంత పనికి రావచ్చు. మేనమామని పెళ్ళికి పిలవడానికి వెళ్ళే వాళ్ళకి కూడా. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దని మాత్రం ముందే చెబుతున్నాను.

మా చెల్లి శైలజ పెళ్ళి మాఘంలో కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. మా అమ్మకి ఉన్నది ఒక్కడే అన్నయ్య. ఆయన రెండేళ్ళుగా మాతో మాట్లాడడం లేదు. నా కారు అంతకు కొంచెం ముందు నుంచీ ఆయన దగ్గరే ఉంది. నాకు రాయగడ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు, విజయనగరంలో మా అద్దె ఇంటి ముందు చోటు లేక, మావయ్య రేకుల షెడ్డులో పెట్టి వెళ్ళాను.

తర్వాత ఆయన తన కూతురు లావణ్యని నాకిచ్చి చేద్దామనుకున్నాడు. ఆ మాట మా ఇంటికి చేరకముందే లావణ్య నాకు ఫోన్ చేసింది. "బావా, నాకిష్టం లేదు. నాను వద్దంటే నాన్న నర్సింగ్ మాన్పించీసి ఇంకెవుడికో ఇచ్చీస్తాడు. నువ్వే వద్దను." నేనే వద్దన్నాను. కారణం అడిగినా చెప్పలేదు. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి మావయ్య అమ్మని తన గుమ్మం తొక్కొద్దన్నాడు.

ఈ మధ్యే నాకు విజయనగరం బదిలీ అయింది. పెళ్ళి పనులకి కారు కావాలి. ఎలాగూ వెళ్తున్నాను కాబట్టి శుభలేఖ కూడా ఇచ్చేసి వస్తానన్నాను. అమ్మ కాస్త తటపటాయించింది గానీ, చివరికి కార్డు అంచులకి పసుపు రాసి ఇచ్చింది.

పొద్దున్న ఆరున్నరకి విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కాను. సంచిలో జాకీ, వీల్ స్పానర్, తుప్పు వదిలించే స్ప్రే, అర లీటరు బ్రేక్ ఆయిల్, టార్చి, గుడ్డలు. పక్క అరలో శుభలేఖ. బండి ఖాళీగానే ఉంది. చీపురుపల్లిలో ఎక్కిన ఒక పెద్దాయన నా సంచిని కాలితో జరపబోయి, బరువుకి ఆగిపోయాడు.

"ఏటి బాబూ, ఇంత బరువున్నాది?"

"కారు బాగు చేసుకునే సామాన్లు."

"కారుండి రైల్లో తిరుగుతున్నావా? మాకు లేదు కాబట్టి తిరుగుతున్నాం," అని పొందూరు వచ్చేదాకా తనలో తనే నవ్వుకున్నాడు.

ఎనిమిది దాటాక ఆమదాలవలసలో దిగాను. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ, ఊరికి వెళ్ళాలంటే బస్సులో మరో అరగంట. అక్కడి ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఇడ్లీ తిని శ్రీకూర్మం బస్సు పట్టుకున్నాను. గుడి దగ్గర దిగి, సముద్రం వైపు వెళ్ళే ఆటోలో కూర్చుంటే పది గంటలకల్లా మావయ్య ఊరు.

మావయ్య అరుగు మీద కూర్చుని కొడవలికి పిడి బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"దేనికొచ్చినావు?"

"కారు కోసం మావయ్యా," అన్నాను.

"ఎనక ఉన్నాది. సూసుకో."

షెడ్డులో కారు లేదు. షెడ్డు నిండా గడ్డి ఉంది. కారు పెరట్లో, పల్లపు నేల మీద, ఉప్పుగాలికి ఎదురుగా నిలబడి ఉంది. పైన కవర్ చిరిగి పీలికలైంది. ఆనపపాదు ఒకటి డిక్కీ మీదుగా పైకప్పు ఎక్కింది. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి. ముందు చక్రాల డిస్కులు బెల్లం రంగులో ఉన్నాయి. బ్యాటరీ ఎలాగూ చచ్చిపోయి ఉంటుందని నాకు తెలుసు. తెలియనిది ఒక్కటే. కారుని బయటికి నెట్టించినప్పుడు, నేల వాలుగా ఉందని ఎవరో హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేశారు. ఎక్కువ కాలం నిలిపే కారుకి హ్యాండ్ బ్రేక్ వెయ్యకూడదు. గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. లేకపోతే వెనక చక్రాల డ్రమ్ముల్లో, వాటిని ఒత్తి ఆపే బ్రేక్ షూలు తుప్పుతో అతుక్కుపోతాయి.

"షెడ్డులోంచి ఎందుకు తీశారు మావయ్యా?" అన్నాను వెనక్కి వచ్చి.

"వానకి తడిస్తే గడ్డి పాడైపోతాది," అన్నాడు. "ఇనుము పాడైపోతాదేటి?"

లోపల అత్త నవ్వు ఆపుకోవడం వినిపించింది.

శ్రీకాకుళం పొలిమేరలో షెడ్డున్న మెకానిక్ అప్పలరాజుకి ఫోన్ చేస్తే, బ్యాటరీ, గాలి పంపు పట్టుకుని గంటలో వచ్చాడు. ఇంజిన్ నాలుగో ప్రయత్నానికే లేచింది. వెనక చక్రాలు మాత్రం కదల్లేదు. హ్యాండ్ బ్రేక్ తీగ తుప్పుకి బిగుసుకుపోయింది. అప్పలరాజు దాన్ని ఊడదీసి, డ్రమ్ముల చుట్టూ సుత్తితో కొట్టాడు. మూడోసారి పెద్ద చప్పుడుతో వదిలాయి.

"డ్రమ్ములు విప్పి చూద్దాం," అన్నాను. "లోపల సిలిండర్లు పట్టేసి ఉంటాయి. షూలు వెనక్కి రాకపోతే డ్రమ్ముకి రాసుకుంటూనే ఉంటాయి."

"ఇక్కడ విప్పితే మళ్ళీ ఎక్కించనేను బాబూ, కొత్త సామాన్లు లేవు. నెమ్మదిగా మా షెడ్డుకి తెచ్చీ. నాలుగు సార్లు తొక్కితే అదే దార్లోకి వస్తాది."

పాత బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. వీలైనంత తీసి కొత్తది పోశాను. పెరట్లో పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపాను. పెడల్ గట్టిగానే తగిలింది. అప్పలరాజు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఒంటి గంటకి నూతి దగ్గర చేతులు కడుక్కుని, సంచి పక్క అరలోంచి శుభలేఖ తీశాను. పొద్దుట్నుంచీ స్ప్రే డబ్బా కారి, ఒక మూల పసుపు మీద నూనె మరక పడింది. మార్చడానికి ఇంకో కార్డు లేదు. అదే రెండు చేతులా పట్టుకుని మావయ్య ముందు నిలబడ్డాను.

"శైలు పెళ్ళి మావయ్యా. మీరే వచ్చి నడిపించాలి. బుట్ట మీరే మొయ్యాలి."

ఆయన కార్డు వైపు చూశాడు. సంచి వైపు చూశాడు.

"పొద్దున్న నాను ఏటడిగాను రా? దేనికొచ్చినావంటే ఏటన్నావు?"

నేను కార్డు మీది నూనె మరకని బొటనవేలితో కప్పాను.

"కారు కోసం అన్నావు. కారు బాగైపోయింది, ఇప్పుడు గుర్తొచ్చినాడు మేనమామ. ఒసే, సూసినావా, ఇనప సామాన్లలోంచి తీసి ఇస్తన్నాడు పెళ్ళి కార్డు." అత్త గుమ్మంలోకి వచ్చి తల దించుకుంది. "నా గుంటని, కన్న కూతుర్ని వద్దన్నావు. ఏటి తక్కువైందో సెప్పమంటే అదీ సెప్పలేదు. ఊళ్ళో నలుగురూ ఏటనుకున్నారో నీకు తెలుసా? ఇప్పుడు మీ గుంటని నాను తల మీద పెట్టుకుని మొయ్యాల."

లావణ్య లోపల తలుపు పక్కన నిలబడి అంతా వింటోంది. ఒక్కసారి ఆమె వైపు చూశాను. ఆమె కార్డునే చూస్తోంది. నేను కార్డుని అరుగు మీద పెట్టి, గాలికి పోకుండా కొడవలి పిడి దాని మీద ఉంచాను. మావయ్య పిడి తీసుకుని మళ్ళీ బిగించడం మొదలెట్టాడు. అత్త అన్నం తినమంది. ఆకలి లేదన్నాను.

వీధి గేటు తియ్యడానికి లావణ్య వచ్చింది.

"నాన్నకి సెప్పీలేదు కదా బావా?"

"నువ్వు చెప్పొచ్చు కదా లావణ్యా. ఆయన వస్తే చాలు మా అమ్మకి."

"ఏప్రిల్లో ఆఖరి పరీక్షలు. అవి అయిపోనీ."

"పెళ్ళి ఈ నెల్లో."

"తెలుసు," అంది. "నాకేటి సరదాయేటి? సెప్తే రేపే నా పుస్తకాలు ఆ గడ్డి మీద పారీస్తాడు." గేటు బార్లా తీసి పక్కకి తప్పుకుంది. "నెమ్మదిగా ఎల్లు. బ్రేకులు బాగోలేవంట కదా."

రెండు గంటలకి బయల్దేరాను. శ్రీకూర్మం దాటేదాకా పెడల్ బాగానే ఉంది. ఆ తర్వాత కారు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బరువుగా లాగసాగింది. నేను భయపడినట్టే షూలు వెనక్కి రావడం లేదు. దిగి ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలింది. పావుగంట చల్లారనిచ్చి మళ్ళీ కదిలాను.

ఒక మలుపు తిరగగానే రోడ్డంతా ఉలవ చెత్త పరిచి ఉంది. పంట కోసి తెచ్చి, పోయే బండ్ల కింద నలిగి గింజ రాలాలని ఇక్కడ అలా పరుస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు పంగల కర్రలతో దాన్ని తిరగేస్తున్నారు. బ్రేక్ తొక్కాను. పెడల్ నేలదాకా వెళ్ళిపోయింది. నేను పోసింది కొత్తదైనా, గొట్టాల్లో మిగిలిన పాత ఆయిల్ రెండేళ్ళుగా నీరు పీల్చుకుని ఉంది. డ్రమ్ము వేడికి ఆ నీరు ఆవిరైతే తొక్కిన బలం చక్రానికి చేరదు. హ్యాండ్ బ్రేక్ తీగ అప్పటికే ఊడదీసి ఉంది. హారన్ కొడుతూ గేరు తగ్గించాను. ఆడవాళ్ళు పక్కకి దూకారు. కారు రోడ్డు పక్క కంకర కుప్పకి ఆని ఆగింది.

దిగి చూస్తే వెనక చక్రానికి చుట్టుకున్న చెత్త పొగలు కక్కుతోంది. నేను ఇసక కోసం వెతికేలోపు పెద్దావిడ బిందె నీళ్ళు తెచ్చి కుమ్మరించింది. వేడి డ్రమ్ము మీద నీళ్ళు పొయ్యకూడదు, పగులుతుంది. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. టక్‌మని చప్పుడొచ్చింది.

"ఏటి నాయనా," అంది ఆవిడ, బిందె చంకన పెట్టుకుని. "ఉలవలు నూర్చమని పరిసినాం గానీ, ఏపమన్నామేటి?"

రెండో ఆవిడ కూర్చుండిపోయి నవ్వింది. వాళ్ళు ఇందాక నిలబడ్డ చోటుకీ కంకర కుప్పకీ మధ్య ఎంత దూరమో కొలిచి చూడాలనిపించలేదు.

క్రేన్ బండి వచ్చి, కారుని ఎత్తి అప్పలరాజు షెడ్డులో దించేసరికి సాయంత్రం అయిదున్నర. ఈసారి డ్రమ్ములు విప్పించాను. ఒక డ్రమ్ము పగిలింది. రెండు సిలిండర్లు తుప్పుతో బిగుసుకున్నాయి. ఒక షూ మీద లైనింగు పొరలా ఊడి చేతిలోకి వచ్చింది. ఇలాంటి కారుని అడుగు కూడా నడపకుండా నేరుగా క్రేన్ మీద తెచ్చుకోవాలి. నా తర్వాత వెళ్ళే వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదే.

ఆరున్నరకి విజయనగరం ఎక్స్‌ప్రెస్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చిలకపాలెం దాటి, నాతవలస దగ్గరపడుతుండగా అమ్మ ఫోన్ చేసింది.

"కారొచ్చిందేటి?"

"లేదు. బ్రేకులు మొత్తం మార్చాలి. నాలుగు రోజులు పడుతుంది."

"అన్నయ్య?"

"రానన్నాడు."

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"రేపు నాను ఎల్తాను," అంది.

"గుమ్మం తొక్కొద్దన్నాడు కదమ్మా."

"గుమ్మం బయటే నిలబడతాను. నా కొడుకు తప్పు సేసినాడు, మనసులో పెట్టుకోకని కాళ్ళు పట్టుకుంటాను. అన్నయ్యే కదా."

వద్దన్నది లావణ్యేనని నేను ఒక్క మాట చెబితే ఆవిడ ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. కానీ ఆ మాట రేపు మధ్యాహ్నానికల్లా ఆ అరుగు మీదికి చేరుతుంది. బస్సు నాతవలస జంక్షన్‌లో ఆగి, నలుగుర్ని దించి, మళ్ళీ కదిలింది. అమ్మ లైన్లోనే ఉంది.

"ఆరున్నరకి ప్యాసింజర్ ఉందమ్మా," అన్నాను. "ఎడమ వైపు కూర్చో, ఎండ పడదు. శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగాక, కూర్మం బస్సు ఎక్కే ముందు ఏదైనా తిను. అక్కడ తినమంటారో, అనరో."