పుట్టిలోకి ఒక జత

ప్రొద్దుటూరులో చెప్పులు కుట్టే అజ్మతుల్లాకు ఒక గొప్ప ఉంది. నలభై ఏళ్లలో ఆయన కుట్టిన చెప్పు మీద ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు. ఈ సంగతి ఆయన నోట విననివాడు ఆ వీధిలో లేడు. టీ ఇచ్చేవాడికి చెబుతాడు, ఆటో కోసం నిలబడ్డవాడికి చెబుతాడు, అడ్రసు అడగడానికి ఆగిన పాపానికి ఒకాయన అరగంట విని, వెళ్లాల్సిన చోటు మరిచిపోయి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆయన కుట్టేవి కిర్రు చెప్పులు. పైన ఎద్దు తోలు, అడుగున లారీ టైరు ముక్క, అంచు పొడుగునా మేకులు. జత తూకం వేస్తే రెండు కేజీలకు తగ్గదు. వేసుకుని నడిస్తే కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చి, మనిషి కనపడక ముందే వస్తున్నాడని తెలుస్తుంది. ఎంత తుమ్మముల్లయినా ఆ టైరులోకి దిగి అక్కడే ఆగిపోవాల్సిందే తప్ప కాలిని తాకదు. గొర్రెలు కాసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కుట్టించుకునేవారు. అదంతా ఒకప్పుడు. బీళ్లన్నీ చీనీ బత్తాయి తోటలయ్యాయి, తోటల చుట్టూ కంచెలు లేచాయి, గొర్రెలు తగ్గాయి. గొర్రెలతో పాటు గిరాకీ కూడా పోయింది. పాతవాళ్లు నలుగురు మిగిలితే అందులో ముగ్గురు మంచం పట్టారు. మంచం మీద పడుకున్నవాడికి టైరు చెప్పులెందుకు, మీరే చెప్పండి.

భార్య ఖైరున్నీసా అదే అడిగింది. ఆమె తమ్ముడు ఇమ్రాన్ కువైట్ నుంచి వచ్చేసి, ఇంటి ముందున్న ఈ చెప్పుల అంగడిలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెడతానని ఆరు నెలలుగా తిరుగుతున్నాడు. పెట్టనివ్వొచ్చు కదా అంది. వాళ్లిద్దరూ ఉర్దూలోనే పోట్లాడుకున్నారు గానీ ప్రొద్దుటూరులో ఉర్దూ తెలియని గోడ కూడా లేదు. మాటా మాటా పెరిగింది. అజ్మతుల్లాకు రోషమొచ్చి తోలు కుట్టే ఆరె కింద పడేసి లేచి నిలబడ్డాడు. "నా చెప్పు బాగాలేదని ఒక్క మనిషి నా మొగం మింద అననీ. ఆ పొద్దే అంగడి బీగంచెవి నీ చేతిలో పెడతా. అంతవరకూ ఈ అంగడి మాట ఎత్తొద్దు" అని అల్లా మీద ఒట్టు వేశాడు. ఖైరున్నీసా సరేనని చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి పోయింది. చెప్పులు ఈడ్చి నడవడం ఆవిడకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. చెప్పులు కుట్టేవాడి పెళ్లామై ఉండి నడక నేర్వలేదే అని అజ్మతుల్లా లోలోపల విసుక్కునేవాడు.

అదిగో, ఆ ఒట్టు గాలిలో ఉండగానే గడప దగ్గర కిర్రుమంది. వచ్చినవాడు కుళ్లాయప్ప. మంచం పట్టని నాలుగోవాడు. పులివెందుల దగ్గరి పల్లె ఆయనది, గొర్రెలు కాసే ఇల్లు. నలభై ఏళ్లుగా ఉగాది ముందు బస్సెక్కి వస్తాడు, ఒక జత కుట్టించుకుంటాడు, టీ తాగి పోతాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, ఎంత విన్నాడో తెలియదు. ఏదో చెప్పబోయి రెండుసార్లు దగ్గాడు. గొర్రెలు అమ్మేశానని, జమ్మలమడుగు అవతల డ్యామ్ దగ్గర బామ్మర్ది పుట్టి వేసుకుని చేపలు పడుతున్నాడని, అరవై ఏళ్లకు ఇల్లరికం పోయానని చెప్పాడు. చెప్పి మళ్లీ దగ్గి, "ఈ తూరి పుట్టిలోకి ఒక జత కుట్టు మామా" అన్నాడు.

అజ్మతుల్లా పుట్టిని దగ్గరగా చూడలేదు. పుట్టిదాకా ఎందుకు, ఊరి పక్కనున్న పెన్నలో ఆయన ఎక్కువగా చూసింది ఇసుకే. అయినా చెప్పుల విషయంలో తెలియదని అనడం ఆయన చరిత్రలో లేదు. నీళ్లలో ఏముంటాయని అడిగాడు. జెల్ల చేపలుంటాయి, వాటికి ముల్లుంటుంది, గుచ్చుకుంటే మంట అని కుళ్లాయప్ప చెప్పాడు. అజ్మతుల్లాకు ప్రాణం లేచి వచ్చింది. ముల్లు అనేది ఉంటే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. మామూలు జతకు ముప్పై మేకులు కొడితే ఈ జతకు అరవై కొట్టాడు.

పుట్టి అంటే తెలుసు కదా. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి గంప, అడుగున పట్టా, పట్టాకు తారు. అందులో అరవై మేకుల చెప్పులతో అరవై ఏళ్ల మనిషి నిలబడి వల విసిరాడు. పది రోజులకు కుళ్లాయప్ప చంకలో చెప్పులు పెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చాడు. పుట్టి అడుగున జల్లెడలా బొక్కలు పడ్డాయట, బామ్మర్ది ఈదుకుంటూ గట్టుకొచ్చాడట. తలుపు చాటున ఖైరున్నీసా చెవి రిక్కించింది. కుళ్లాయప్ప మాత్రం తొణక్కుండా "పుట్టి నాసిరకంది మామా. నీ చెప్పులకు ఒక్క మేకు గూడా కదల్లేదు" అన్నాడు.

రెండో జతకు మేకులు మానేశాడు. పచ్చి తోలు తెచ్చి, కాలి చుట్టూ బిగించి కుట్టాడు. నీళ్లలో నాని, ఎండకు ఎండి, ఆ తోలు కుళ్లాయప్ప పాదాల్ని పట్టుకుని ఇక వదల్లేదు. మూడు రోజులు చెప్పులతోనే పడుకున్నాడు. చెప్పులతోనే బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి పోయి, పూజ దగ్గర అందరి చేతా తిట్లు తిన్నాడు. కొత్త ఇంట్లోకి ఆవు, దాని వెనకే కుళ్లాయప్ప చెప్పులు నడిచాయని జనం చెప్పుకున్నారు. చివరికి చెప్పులు కత్తిరించి తీశారు. ఆ ముక్కలు సంచిలో వేసుకుని వచ్చి, "శానా నమ్మకమైన చెప్పులు మామా. కాలిని ఇడిసి పోతే ఒట్టు" అన్నాడు. అజ్మతుల్లా తలుపు వైపు తిరిగి, విన్నావా అన్నట్టు ఒకసారి దగ్గాడు.

మూడో జత దగ్గర అజ్మతుల్లాకు అసలైన తెలివి పుట్టింది. నీళ్ల మీద పని కాబట్టి చెప్పు తేలాలి. లారీ ట్యూబు కోసి, గాలి నింపి, మూతులు అతికించి అడుగులు తయారు చేశాడు. తొట్టిలో వేస్తే తేలాయి. ఇటుక పెడితే ఇటుకతో సహా తేలాయి. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాడు. ఖైరున్నీసా కూడా చూసి, ఇటుక సరే, మనిషి సంగతేమిటని అడిగింది. మనిషి ఇటుక కన్నా తెలివైనవాడని ఆయన జవాబిచ్చాడు.

వారం తిరక్కముందే కుళ్లాయప్ప వచ్చాడు. నుదుటి మీద కట్టు ఉంది. పుట్టి ఒరిగిందట, మనిషి నీళ్లలో పడ్డాడట. పడగానే కాళ్లు రెండూ ఆకాశం వైపు లేచాయి, తల కిందికి పోయింది. గట్టు మీద వాళ్లకు నీటి మీద రెండు చెప్పులు నిటారుగా నిలబడి కనిపించాయట. ఎవరో చీలమండలు పట్టుకుని లాగితే బయటపడ్డాడు. ఇంత చెప్పి కుళ్లాయప్ప టీ గ్లాసు దించి, నిదానంగా అన్నాడు. "చెప్పులు బాగా తేలినాయి మామా. నేనే మునిగినా."

ఖైరున్నీసా ఆగలేక బయటికొచ్చింది. ఇది ఫిర్యాదు కాకపోతే మరేమిటని నిలదీసింది. కుళ్లాయప్ప గాభరాపడి, ఫిర్యాదు యాడిది, నేనేమన్నా అన్న్యానా అని నెత్తిన చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. అజ్మతుల్లా గెలిచాడు. గెలిచాడు గానీ ఆ నుదుటి కట్టు మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఆ రోజంతా వీధిలో ఎవరికీ తన గొప్ప చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాడు. అక్కడి నుంచి ఆటోలో డ్యామ్ చేరాడు. రోడ్డు దగ్గర దిగితే నీళ్ల దాకా దిగుడు దారి, దారంతా కంపచెట్లు, పదునైన రాళ్లు. ఆయన మాత్రం కిర్రు కిర్రుమంటూ దర్జాగా దిగాడు. గట్టు అంచున ప్లాస్టిక్ చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. వచ్చినవాడు వచ్చినట్టు చెప్పులు విడిచి, పుట్టి అంచును తాకి కళ్లకద్దుకుని, ఉత్త కాళ్లతో ఎక్కుతున్నాడు. ఒక్కడి కాలికైనా చెప్పు లేదు.

ఒడ్డున ఒక ఆడమనిషి వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. కిర్రు చప్పుడు విని తలెత్తి చూసింది. ఆమె కుళ్లాయప్ప భార్య పెద్దసుబ్బమ్మ. అజ్మతుల్లా పేరు చెప్పే అవసరం లేకపోయింది.

"ప్రొద్దుటూరు చెప్పులు కుట్టే అన్నవు నువ్వే గదా?" అంది. "సూడు, అన్నం పెట్టే పుట్టి ఇది. దీంట్లో చెప్పులేసుకుని ఎవురన్నా ఎక్కుతారా అన్నా?"

"మరి కుళ్లాయప్పే అడిగినాడు గదమ్మా."

"గొర్లు అమ్మేసినాం, ఇంగ చెప్పులు వద్దని చెప్పేదానికి వచ్చినాడు ఆ పొద్దు. నీ అంగడి మూస్తారని వాకిట్లో నిలబడి ఇన్నాడంట. నోరు రాలేదంట. పుట్టిలోకి ఒక జత అని నోటికొచ్చింది అనేసినాడు." ఆమె వల పక్కన పెట్టింది. "కుట్టించుకున్నాక ఏసుకోకుండా బాగుండాయంటే అబద్ధమైతాదంట. అందుకే ఒక్కో జత పట్టుబట్టి ఏసుకున్నాడు. ఒక జతకు పుట్టి పాయ. ఇంగో జతకు పరువు పాయ. మొన్న మనిషే పోయేటోడు."

అజ్మతుల్లా అక్కడే రాయి మీద కూర్చున్నాడు. అప్పుడే నీళ్ల మధ్యలో ఉన్న కుళ్లాయప్ప గట్టు వైపు చూశాడు. మామను గుర్తుపట్టగానే వంగి, పుట్టిలో ఎక్కడో దాచిన గాలి చెప్పులు తీసి, ఆదరాబాదరాగా కాళ్లకు తొడగడం మొదలుపెట్టాడు. పుట్టి గిర్రున తిరిగింది. బామ్మర్ది తెడ్డు ఎత్తి కేకలేశాడు. ఒంటికాలి మీద ఊగుతూ రెండో చెప్పు వేసుకుంటున్న ఆ ముసలివాణ్ని చూసి అజ్మతుల్లాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. వద్దప్పా, వద్దప్పా అని రెండు చేతులూ ఊపాడు.

పుట్టి ఒడ్డు చేరాక ఎందుకిట్ల చేసినావని అడిగాడు. కుళ్లాయప్ప తలొంచుకుని, "నీ అంగడి మూస్తే ఉగాదికి నేను ప్రొద్దుటూరికి ఏం పని మింద వచ్చేది మామా?" అన్నాడు.

పెద్దసుబ్బమ్మ చేపల గంప నెత్తికెత్తుకుంది. రోడ్డు మీదికి మోయాల్సింది ఆమే. తడి కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు జారతాయని ఉత్త కాళ్లతోనే రాళ్ల మీద అడుగు పెట్టింది. రెండడుగులు వేసి ఆగి, కాలు వెనక్కి మడిచి అరికాలు చూపించింది. పాత గాట్లు, కొత్త గాట్లు, విరిగిన ముల్లు నల్లగా ఒకటి.

"చెప్పులు కావాల్సింది పుట్టిలో గాదన్నా, ఈడ. మా ఇంటికి నలభై జతలు కుట్టినావు. ఆయప్పతో నేనూ గొర్ల ఎనక నడిచినా. ఒక్కనాడన్నా ఆడదాని కాలు కొలిచినావా?"

అజ్మతుల్లా వంగి ఆ అరికాలు చూశాడు. ఇది ఫిర్యాదేనా అమ్మా అని అడిగాడు.

"కాకపోతే? పాట అనుకున్నావా?" అంది పెద్దసుబ్బమ్మ.

ఆమె గంప దించాక, వల దారం ముక్క ఒకటి తీసుకుని ఆమె పాదం పొడవు, వెడల్పు కొలిచి, గుర్తుకు ముడులు వేసుకున్నాడు. ఆ దారం జేబులో వేసుకుని బస్సెక్కాడు. బస్సులో పక్క సీటువాడు ఏ ఊరని అడిగితే ఊరు పేరు చెప్పి ఊరుకున్నాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇమ్రాన్ అంతకు ముందే వచ్చి, రేపో మాపో అన్న ధీమాతో సెల్‌ఫోన్ షాపు ఫ్లెక్సీ ముద్రించుకొచ్చి గోడకు ఆనించిపోయాడు. అజ్మతుల్లా దాన్ని పట్టించుకోకుండా నేరుగా లోపలికి పోయి, బీగంచెవి ఖైరున్నీసా చేతిలో పెట్టాడు. ఫిర్యాదు వచ్చిందని చెప్పాడు. ఎవరు చేశారో, ఏమన్నారో, అరికాలి ముల్లుతో సహా దాచకుండా చెప్పాడు. ఖైరున్నీసా బీగంచెవి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

అజ్మతుల్లా బయటి నుంచి ఆ ఫ్లెక్సీ తెచ్చి, తెల్లటి వెనక వైపు పైకి వచ్చేలా నేల మీద పరిచాడు. చెవి మీది పెన్సిలు తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, కాలు పెట్టమన్నాడు. ఆమె సంకోచిస్తూ పెట్టింది. పెళ్లయి ముప్పై ఆరేళ్లలో ఆ పాదాన్ని ఆయన అంత దగ్గరగా చూడడం అదే మొదలు. చుట్టూ గీత గీశాడు. కొలిచాడు. నమ్మకం కలగక మళ్లీ కొలిచాడు. ఏడో నంబరు వచ్చింది.

లేచి వాకిట్లోకి పోయి ఆమె ప్లాస్టిక్ చెప్పు తిరగేసి చూశాడు. ప్రతి రంజాన్‌కూ ఆయనే బజారు నుంచి తెచ్చిచ్చే చెప్పులు. అడుగున ఐదో నంబరు ఉంది. మడమ ఆనే చోటు కొత్తగా ఉన్నట్టే ఉంది, అరగనే లేదు. అరిగేందుకు ఆమె మడమ ఎప్పుడూ దాని మీద లేదు, నేల మీదే ఉంది.

చెప్పు చేతిలో పట్టుకునే వచ్చి, ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్పేదెట్ల?" అంది ఖైరున్నీసా. "నీ చెప్పుల మింద ఎవురూ ఫిర్యాదు చెయ్యలేదని ఊరంతా చెప్పుకుంటాంటివి గదా."

అజ్మతుల్లా మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె బీగంచెవి కొంగున ముడేసుకుని, రెండో కాలు పెట్టింది.