నానుతున్న శివుడికి చెంబెడు గోదావరి

బొర్రా గుహలు చూశానంటే ఎలా ఉంటాయని అందరూ అడుగుతారు. నాకేం తెలుసు? అంత దూరం వెళ్ళి నేను చూసిందల్లా ఒక చెంబు మూతి.

పెళ్ళయిన రెండో ఏడు మా ఆయనకి టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచం దిగలేదు. కొడుకు లేచి తిరిగితే బొర్రా గుహలోని శివుడికి గోదావరి నీళ్ళతో అభిషేకం చేస్తానని మా అత్తగారు మొక్కుకున్నారు. మా ముక్తేశ్వరంలో శివుడున్నాడు. రేవు దాటితే కోటిపల్లిలో ఇంకో శివుడున్నాడు. వాళ్ళిద్దరూ ఆవిడ కంటికి ఆనలేదు. పైగా ఆ గుహలో శివుడి నెత్తిన కొండే పగలూ రాత్రీ చుక్కలు చుక్కలుగా నీళ్ళు పోస్తోందట. అలా నానుతున్నవాడికి మళ్ళీ మన నీళ్ళెందుకండీ అంటే, "మొక్కుకుంది గోదారి నీళ్ళే, అమ్మాయ్" అన్నారు.

ఇంట్లో మరచెంబు ఉంది. మూత బిగిస్తే బోర్లించినా చుక్క కారదు. దాన్లో ఎప్పుడో కాఫీ పోశామని పనికిరాదన్నారు. మూతికి గుడ్డ కట్టిన మామూలు ఇత్తడి చెంబు నా చేతికిచ్చి, నేల మీద పెట్టకూడదన్నారు. రేవు దాటించే పంటులో, బస్సులో, రైల్లో అది నా ఒళ్ళోనే. మా ఆయన కాసేపు అందుకుంటే, "వాడు నీరసంగా ఉన్నాడు" అని మళ్ళీ నాకే ఇప్పించేవారు. శృంగవరపుకోట దాటి బస్సు ఘాట్ రోడ్డెక్కాక మలుపు మలుపుకీ నా చీర తడిసింది.

గుహలో అక్కడి ఊరివాడొకడు కాగడా పట్టుకుని దారి చూపించాడు. "అదిగో ఆవు పొదుగు, అదిగో శివుడి జడలు" అని పైకి చూపిస్తుంటే అందరూ అబ్బో అంటున్నారు. నేను కిందకి చూస్తున్నాను. మాది రాయన్నది లేని సీమ. చాకిరేవు బండ కూడా పడవ మీద రావాల్సిందే. బురదలో ఎంత దూరమైనా నడుస్తాం గానీ తడిబండల మీద నడక మాకెక్కడ అబ్బుతుంది? జారాను. చెంబు వదల్లేదు గానీ గుడ్డ ఊడి నీళ్ళన్నీ పోయాయి.

ముందు మా ఆయన వాళ్ళమ్మని చెయ్యి పట్టి ఎక్కిస్తున్నారు. చీకట్లో ఎవరూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్ళు మండింది. పక్కనే రాతిగుంటలో పైనుంచి కారిన నీళ్ళున్నాయి. చెంబు ముంచి గుడ్డ కట్టేశాను.

అత్తగారు కళ్ళు మూసుకుని అభిషేకం చేశారు. మిగిలిన చుక్కలు తీర్థంగా పుచ్చుకుని నా వైపు ఒక్కసారి చూశారు. తిరుగు ప్రయాణంలో నీళ్ళ ఊసెత్తలేదు. గండం గడిచిందనుకున్నాను.

ముక్తేశ్వరం రేవులో పంటు దిగగానే చెంబు తీసుకుని, గోదావరిలో ముంచి నా దోసిట్లో పోశారు.

"తాగి చూడు. ఒండ్రు రుచి తగుల్తోందా?"

"ఆయ్, తగుల్తోందండి" అన్నాను.

"అక్కడ తీర్థంలో తగల్లేదు. మొక్కు తీరలేదమ్మాయ్. వచ్చే శివరాత్రికి మళ్ళీ వెళ్ళాలి. చెంబు నేనే పట్టుకుంటాను."

ఆ చెంబు గోదావరిలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. మా ఆయన కొంచెం అవతల సామాన్లు దింపుతున్నారు. జ్వరానికి ఊడిన జుట్టు ఇంకా సగమే మొలిచింది.

"మీరు జారిపడితే మిమ్మల్నెవరు మోస్తారండీ? నేనే పట్టుకుంటాను లెండి" అని విసుక్కున్నాను.